జేసీబీకి రాగి గొడ్డళ్లు తగిలాయి, ఏం చేయాలి?

ఉప్పల్ కుర్రాడు:
సిద్దిపేట వైపు మా బాబాయి పొలం చదును చేస్తుంటే జేసీబీ పళ్లకు కుండ తగిలి పగిలింది. లోపల చిలుము పట్టిన గొడ్డళ్లలాంటివి ఏడు. పక్కనే పాటిగడ్డ, అంటే పాత ఊరి దిబ్బ, చిన్నప్పుడు అక్కడ పెంకులు ఏరుకునేవాళ్లం. బంగారమేమోనని బాబాయి ఒకదాన్ని నిమ్మకాయతో తోమేశాడు కూడా! ఊళ్లో లంకెబిందెలని పుకారు. బయటికి చెబితే పొలం పోతుందేమోనని పిన్నికి ఒకటే టెన్షన్.

అంబర్‌పేట అన్న:
పాత సామాన్ల వాళ్లకి ఇచ్చెయ్ తమ్ముడూ, సైలెంట్‌గా.

టేపు తాతయ్య:
ఆ మాట వినకు బాబూ. ఇరవై ఏళ్లు తవ్వకాల్లో కొలతల టేపు పట్టినవాణ్ణి. ముందు ఆ నిమ్మకాయ పారేయించు. చిలుములో గుడ్డ పోగో, కర్ర పిడి గుర్తో అంటుకుని ఉండొచ్చు.

1974లో మహారాష్ట్రలోని దైమాబాద్‌లో ఒక భిల్లు రైతు చెట్టు మొదట్లో తవ్వుతుంటే నాలుగు కంచు బొమ్మలు దొరికాయి. ఏనుగు, ఖడ్గమృగం, దున్న, రెండెడ్లు కట్టిన రథం. అన్నీ కలిపి 60 కిలోల పైమాటే. తర్వాత అక్కడ తవ్విన పురావస్తు శాస్త్రవేత్త సాలీ గారు అవి సింధు నాగరికత చివరి కాలానివన్నారు. లోహంలో ఆర్సెనిక్ 1 శాతం దాటింది, ఆ కాలపు మిగతా వస్తువుల్లో అలా లేదు కాబట్టి అంత పాతవి కాకపోవచ్చని మరో పురావస్తు శాస్త్రవేత్త డి.పి. అగ్రవాల్ గారు. వాటిని మట్టి పొరలోనే చూసి ఉంటే ఇంత వాదన ఉండేదా?

మీ పాటిగడ్డ ఏ కాకతీయుల నాటి ఊరో కావచ్చు, గొడ్డళ్లు అంతకు రెండు వేల ఏళ్ల ముందువి కావచ్చు. పక్కపక్కన దొరికినంత మాత్రాన చుట్టాలైపోవు. గుంత పూడ్చకండి, టార్పాలిన్ కప్పండి. కుండ పెంకులు, లోపలి మట్టి అన్నీ దాచండి.

కూకట్‌పల్లి ప్లీడరు:
1878 నాటి ట్రెజర్ ట్రోవ్ (నేలలో దొరికే నిధుల) చట్టం ప్రకారం, దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. దాస్తే ఏడాది దాకా జైలు. కలెక్టర్ తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇవ్వాలి. ఆ చట్టం వస్తువు గురించే, పొలం గురించి కాదని పిన్నిగారికి చెప్పండి. అర్జీలో డ్రైవర్ పేరు కూడా రాయండి, ముందు చూసింది అతనేగా.

ఉప్పల్ కుర్రాడు:
నిన్న అర్జీ ఇచ్చాం. పేరు రాస్తున్నామని చెప్పేసరికి డ్రైవర్ నసిగాడు. ఎనిమిదోది వాళ్లింట్లో ఉందట. అది కుండలోది కాదు, పాటిగడ్డ అంచున దొరికిందంటున్నాడు.

టేపు తాతయ్య:
ముందు అతన్ని బండెక్కించుకుని ఆ చోటికి తీసుకెళ్లు. వాన పడకముందే.