అమ్మవారి పండగను వేట నిషేధంలోకి జరపాలా?

సంద్రపుగాలి: మాది భీమిలి దగ్గర పేట. మా అమ్మవారి పండగ ఏటా ఉగాది ముందు కొత్త అమావాస్యకే చేస్తాం. ఈసారి కమిటీలో కొందరు ఏప్రిల్ 15 తర్వాత పెడదామంటున్నారు. అప్పటికి సంద్రంలో చేపల వేట నిషేధం మొదలై, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. నాకూ అదే సబబనిపిస్తోంది. పోయినేడు ఘటాలు మా గుమ్మంలోకి వచ్చేసరికి ఇంట్లో మగాడు ఒక్కడూ లేడు, అందరూ సంద్రం మీదే. మీరేమంటారు?

పాతకాపు: అమావాస్య పండగ అమావాస్యకే. ఉగాది 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. మూడుసార్లూ నిషేధానికి ముందే. మన పెద్దలు వేట మానేసి ఒడ్డున కూర్చుని చేశారా ఈ పండగ? ఒక్కరోజు బోటు కట్టేస్తే కొంపలేం మునగవు. అనకాపల్లి నూకాంబిక జాతర కొత్త అమావాస్యకే మొదలవుతుంది, దాన్నెవరైనా కదిపారా?

సంద్రపుగాలి: అక్కడ నెల్లాళ్ళు జరుగుతుంది అన్నా, ఎప్పుడు వెళ్ళినా మొక్కు తీరుతుంది. మనది మూడు రోజులే.

బీచ్‌రోడ్డు: ఎప్పుడైనా పెట్టుకోండి, డీజే మాత్రం వద్దు. పిల్లలకి పరీక్షలు.

లెక్కలమాస్టారు: చిన్న సవరణ. ‘బోట్లన్నీ ఒడ్డునే’ అనడం తప్పు. నిషేధం మరబోట్లకీ, ఇంజను బిగించిన బోట్లకీ. ఇంజను లేని నాటు పడవలు వేటకెళ్ళొచ్చు.

సంద్రపుగాలి: మా పేటలో ఇంజను లేని పడవలు ఎన్నున్నాయి మాస్టారూ?

లెక్కలమాస్టారు: ఎన్నున్నాయని కాదు. ‘అన్నీ’ అనకూడదు.

వెరావల్‌బావ: మేం గుజరాత్ బోట్ల మీద ఉన్నాం. ఇక్కడ నిషేధం జూన్ 1 నుంచి. మార్చిలో పెట్టినా ఏప్రిల్లో పెట్టినా మాకు దక్కేది వాట్సాప్ వీడియోనే. మా కోసం జూన్‌లో పెడదామని ఏ ఒక్కరూ అనరు. చందా ఫోన్‌పే చెయ్యమని మాత్రం పండగకి నెల ముందే మెసేజ్ వస్తుంది.

పాతకాపు: సంద్రపుగాలీ, అసలు సంగతి చెప్పు. మీ మావకి రెండు బోట్లు. అందుకే నీకంత సబబుగా కనిపిస్తోంది.

సంద్రపుగాలి: మా మావ బోట్ల గొడవ ఇక్కడెందుకు? మీ తమ్ముడు మైకు సెట్టు అద్దెకిచ్చి కమిటీ దగ్గర ఎంత తీసుకున్నాడో నేనడిగానా?

పాతకాపు: అడుగు. బిల్లుంది. మీ దగ్గరేముంది?

పేటకోడలు: మీ ఇద్దరి తగువులో అసలు మాట చెప్పనిచ్చేలా లేరు. వేట సాగేటప్పుడు చందా బోటుకింత. పడిన చేప అమ్మిన డబ్బులోంచి ఓనరే ఇస్తాడు, కలాసీ జేబు తడమడు. నిషేధంలో పెడితే బోటుకి రాబడి లేదంటారు, ఇంటికింత అంటారు. రెండు బోట్లున్న ఇల్లూ ఇల్లే, బోటులో కూలికెళ్ళే మా ఇల్లూ ఇల్లే. నిషేధానికి సర్కారిచ్చే సాయం 2025లో పదివేల నుంచి 20,000 చేశారు. ఆ డబ్బు మీదే ఇప్పుడు అందరి కళ్ళూ. రెండు నెలలు దాంతోనే బియ్యం, దాంతోనే కరెంటు బిల్లు. పైగా మా మరిది పేరు లిస్టులోకే ఎక్కలేదు, వాడినీ ఇమ్మంటారా? పండగ ఎప్పుడు చేసినా ఘటానికి పసుపు నీళ్ళు పోసేది మేమే. తేదీతో మాకు పేచీ లేదు. బోటుకే చందా అని రాసిచ్చి, నిషేధంలోనే పెట్టుకోండి.

వెరావల్‌బావ: అదీ మాట.

సంద్రపుగాలి: అక్కా, ఇంటికింత అని కమిటీ ఇంకా తీర్మానం చెయ్యలేదు. లేనిపోనివి పుట్టించొద్దు.

పేటకోడలు: తీర్మానం లేకుండానే రసీదు పుస్తకాలు అచ్చయ్యాయా బాబూ? పోయినేడు రసీదులో పేరు కింద ‘బోటు నంబరు’ అనుండేది. కొత్తదాంట్లో అదే గీత మీద ‘ఇంటి నంబరు’ అనుంది.

లెక్కలమాస్టారు: నాటు పడవల వాళ్ళకి పాత రసీదులో ఏం రాసేవారు?

పాతకాపు: మాస్టారూ, కాసేపు ఆగండి. అమ్మా, ఆ రెండు రసీదులూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టు.