జర్మనీలో చదువుతున్న పాప వారాంతంలో వేరే దేశం వెళ్తానంటోంది, ఏం చూసుకోవాలి?

ప్రశ్న (అంబాజీపేట నుంచి)

నమస్కారమండి. మా పాప అక్టోబరులో ఎమ్మెస్ చదవడానికి జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్లింది. ఈ నవంబరు 29, శనివారం స్నేహితురాళ్లతో ప్రాగ్ వెళ్లి ఆదివారం రాత్రికి వచ్చేస్తానంటోంది. ప్రాగ్ అంటే చెక్ దేశమట. క్రిస్మస్ సెలవుల్లో వియన్నా కూడా అంటోంది. వద్దనడం నాకూ ఇష్టం లేదు. మా ఇంట్లో ఆవిడకి మాత్రం ఒకటే టెన్షన్. రేవు దాటాలన్నా ఇంట్లో చెప్పి, చీకటి పడకముందే తిరిగొచ్చేసిన వాళ్లం మేము. స్టూడెంట్ వీసా మీద ఇంకో దేశం వెళ్లొచ్చా? దగ్గర ఏ కాగితాలు ఉండాలి? బ్యాంకు లోను తీసుకుని పంపాం, ఖర్చు సంగతి కూడా చూసుకోవాలి కదా. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (అమలాపురం)

మా అబ్బాయి నెదర్లాండ్స్‌లో ఉన్నాడండి. పంపించండి, భయపడకండి. మొదట్లో గంటకోసారి ఫోన్ చేసేదాన్ని. వాడు ఎత్తకపోతే అన్నం సయించేది కాదు. ఇప్పుడు ఒక ఒప్పందం చేసుకున్నాం. రైలెక్కాక ఒక మెసేజ్, గదికి చేరాక ఒక మెసేజ్. అక్కడ రాత్రి 8 అయితే ఈ చలికాలంలో మనకి పన్నెండున్నర. మార్చి ఆఖరి ఆదివారం వాళ్లు గడియారం మారుస్తారు, అప్పటినుంచి పదకొండున్నర. ఆ లెక్క గుర్తుంటే అర్ధరాత్రి ఊరికే కంగారుపడరు. కాగితాల గురించి నాకంటే తెలిసినవాళ్లు చెబుతారు.

జవాబు (పాలకొల్లు)

బాబాయ్ గారూ, నేను డ్రెస్డెన్‌లోనే రెండేళ్లు చదివి వచ్చానండి. కొంచెం వివరంగా రాస్తాను, పిన్ని గారికి కూడా చదివి వినిపించండి.

ముందు వీసా. పాప పాస్‌పోర్టులో అంటించినది డి రకం వీసా, అంటే ఎక్కువ కాలం ఉండటానికి ఇచ్చేది అయి ఉంటుంది. దాని గడువు ఉన్నంతవరకు షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు తిరగొచ్చు. చెక్, ఆస్ట్రియా, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ అన్నీ అందులోవే. స్విట్జర్లాండ్ కూడా. ఇంగ్లండ్, ఐర్లండ్ మాత్రం కావు, వాటికి వేరే వీసా కావాలి. రెసిడెన్స్ పర్మిట్ కార్డు చేతికి వచ్చాక ఆ కార్డు మీద కూడా ఇదే హక్కు.

చిక్కంతా ఈ రెండింటి మధ్యలోనే. చాలామందికి వీసా కొద్ది నెలలకే ఇస్తారు. కార్డు రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వీసా అయిపోయి, కార్డు రాకుండా, విదేశీయుల ఆఫీసు ఇచ్చిన తాత్కాలిక కాగితం మాత్రమే చేతిలో ఉంటే సరిహద్దు దాటవద్దనండి. ఆ ఆఫీసుకి మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే వెళ్లాలి. కాబట్టి ఈరోజే పాపని అడగండి, వీసా మీద ఆఖరి తేదీ ఎంత అని.

పాస్‌పోర్టు ఒరిజినల్ దగ్గర ఉండాలి, ఫోన్లో ఫొటో చాలదు. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది. ప్రాగ్ నుంచి వచ్చే రైల్లో, బస్సులో పోలీసులు ఎక్కి చూస్తారు. చూసి ఇచ్చేస్తారు, అంతే. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు మీ ఫోన్లో కూడా ఉంచుకోండి. ఏదైనా పోతే ఎంబసీకి వెళ్లినప్పుడు అవే ఆదుకుంటాయి. ప్రాగ్‌లో మన ఎంబసీ ఉంది.

ఇన్సూరెన్స్ గురించి ఎవరూ ముందుగా చెప్పరు. జర్మనీ ప్రభుత్వ ఆరోగ్య బీమా అయితే ఆ కార్డు వెనకవైపే యూరప్ కార్డు ఉంటుంది. చెక్, ఆస్ట్రియాల్లో అత్యవసర వైద్యానికి అది పనిచేస్తుంది. స్విట్జర్లాండ్, డెన్మార్క్, నార్వేల్లో మన పాస్‌పోర్టు వాళ్లకి పనిచేయదు, అక్కడికి వెళ్తే ట్రావెల్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి. అత్యవసరానికి ఈ దేశాల్లో ఎక్కడైనా నంబరు 112.

ఇక ఖర్చు. నా మాట వింటే ముందు జర్మనీ లోపలే రెండు మూడు చోట్లు తిరిగి రమ్మనండి. డాయిష్‌లాండ్ టికెట్ అని ఒకటుంది. 2023 మేలో నెలకి 49 యూరోలతో మొదలుపెట్టారు, 2025లో 58, 2026 జనవరి నుంచి 63. దేశమంతా లోకల్ రైళ్లు, ట్రాములు, సిటీ బస్సులు దాని మీదే ఎక్కొచ్చు. డ్రెస్డెన్‌లో విద్యార్థులకి ఆ ధరలో 60 శాతానికే, సెమిస్టర్ ఫీజులో కలిపి ఇస్తారు. అంటే మీరు దానికి డబ్బు కట్టేసే ఉంటారు. వేగంగా వెళ్లే ఐసీఈ, ఐసీ, ఈసీ రైళ్లకి అది చెల్లదు. ప్రాగ్ నేరుగా వెళ్లే రైలు కూడా అలాంటిదే, దానికి వేరే టికెట్ కొనాలి. టికెట్ లేకుండా పట్టుబడితే జర్మనీలో 60 యూరోలు కట్టిస్తారు.

ఆ టికెట్ మీదే వెళ్లొచ్చే చోటు ఒకటి చెబుతాను. డ్రెస్డెన్ స్టేషన్లో ఎస్1 లోకల్ ఎక్కితే ముప్పావు గంట లోపే రాతెన్. ఎల్బే నది ఒడ్డున చిన్న ఊరు. రైలు దిగి నది దాటాలి, అక్కడ పంటు ఉంది! ఇంజను లేదండి దానికి. నదిలో లంగరేసిన పొడుగాటి తాడుకి కట్టి ఉంటుంది, పంటుని ఏటవాలుగా తిప్పితే ప్రవాహమే అవతలి ఒడ్డుకి తోసేస్తుంది. నరసాపురం – సఖినేటిపల్లి పంటు ఎక్కుతూ పెరిగినదాన్ని, మొదటిసారి చూసి అక్కడే నిలబడిపోయాను. అవతల కొండెక్కితే నదికి 194 మీటర్ల పైన బాస్టై రాతి శిఖరాలు, వాటి మధ్య రాతి వంతెన. 1851లో కట్టారు, మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది ఆ మరుసటేడే. నా రెండేళ్లలో అక్కడికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కే లేదు.

నాకు జరిగింది కూడా చెప్పాలి. మొదటి నవంబరులో ఒక ఊరెళ్లి తిరిగి వస్తూ ఆఖరి రైలునే నమ్ముకున్నాను. మధ్యలో రైలు మారడానికి ఆరు నిమిషాలే ఉంది. మొదటి రైలు లేటయింది, రెండోది వెళ్లిపోయింది. పేరు తెలియని చిన్న స్టేషన్లో, తలుపుల్లేని షెడ్డులో, తెల్లవారుజామున నాలుగున్నర దాకా కూర్చున్నాను. ఫోన్లో 3 శాతం చార్జింగ్. ఇంటికి చెప్పలేదు, చెబితే అమ్మ నిద్రపోదని. అప్పటినుంచి ఆఖరి రైలుకి ముందుదే ఎక్కేదాన్ని. పంటు ఆఖరి ట్రిప్పుని నమ్ముకుని ఎవరూ పొలం దగ్గర ఉండిపోరు కదా, అదే పద్ధతి. పవర్ బ్యాంకు, గ్లౌజులు బ్యాగులోంచి తియ్యవద్దనండి. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది.

జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు, స్టేషన్లో ఉన్నవే దిక్కు. పులిహోర చేసుకుని డబ్బాలో పెట్టుకుంటే మధ్యాహ్నం గడిచిపోతుంది. ప్రాగ్‌లో యూరో కాదు, కొరునా. ఏటీఎం ‘యూరోల్లో లెక్క కట్టమంటారా’ అని అడిగితే వద్దని కొరునాల్లోనే తీసుకోవాలి, లేకపోతే రేటులో కోత పడుతుంది. అక్కడ మెట్రో, ట్రాముల కాగితం టికెట్ కొన్నాక ప్రయాణం మొదట్లోనే పసుపు రంగు యంత్రంలో ముద్ర వేయించాలి. మరిచిపోతే టికెట్ ఉన్నా జరిమానా.

ప్రశ్న అడిగినవారు (అంబాజీపేట)

చాలా సంతోషం అమ్మా. పాపని అడిగాను. వీసా ఆఖరి తేదీ డిసెంబరు 28 అట. కార్డుకి ఇంకా అప్లై చెయ్యలేదు, పరీక్షలయ్యాక చేద్దామనుకుందట. వియన్నా డిసెంబరు 27న వెళ్లి 30న రావాలని బస్సు టికెట్లు చూస్తోంది. మీరు చెప్పేదాకా ఆ తేదీ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

జవాబు (పాలకొల్లు)

బాబాయ్ గారూ, ప్రాగ్‌కి ఇబ్బంది లేదు, 29, 30 తేదీల్లో వీసా ఉంటుంది. వియన్నా టికెట్లు మాత్రం కొననివ్వకండి. 28 దాటాక అక్కడ ఉంటే తిరుగు ప్రయాణంలో తనిఖీ అప్పుడు పెద్ద తలనొప్పి. అంతకంటే ముఖ్యం, కార్డు అప్లికేషన్ వీసా గడువు లోపలే వెళ్లిపోవాలి. పరీక్షల దాకా ఆగవద్దు, ఈ వారమే పంపమనండి. అపాయింట్‌మెంట్ తర్వాత ఎప్పుడు ఇచ్చినా ఫరవాలేదు, పంపినట్టు రుజువు దాచుకోవాలి. బ్లాక్డ్ అకౌంట్ (అక్కడి ఖర్చులకి ముందే డబ్బు వేసి ఉంచిన ఖాతా) స్టేట్‌మెంట్, ఇన్సూరెన్స్ కాగితం, యూనివర్సిటీ అడ్మిషన్ సర్టిఫికెట్, అద్దె ఒప్పందం సిద్ధంగా పెట్టుకోమనండి. క్రిస్మస్ సెలవుల్లో డ్రెస్డెన్‌లోనే ఉండనీయండి. 1434 నుంచి జరుగుతున్న క్రిస్మస్ సంత ఆ ఊళ్లోనే ఉంది, అది 24 దాకా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు (అంబాజీపేట)

అప్లికేషన్ నిన్న రాత్రి పంపేసిందండి, అందినట్టు మెయిల్ కూడా వచ్చింది. వియన్నా కార్డు వచ్చాకే. ఈ ఆదివారం రాతెన్ వెళ్లి పంటు మీద నిలబడి వీడియో పంపింది. మా ఆవిడ ఇప్పటికి నాలుగుసార్లు చూసింది. ఇంజను లేకుండా ఎలా వెళ్తోందని మా తోటలో కొబ్బరి దింపు తీసే కుర్రాళ్లు కూడా అడుగుతున్నారు. ఇంకొక్క మాట అమ్మా, ప్రాగ్‌కి మంచులో జారని బూట్లు ఇక్కడినుంచి పంపాలా, అక్కడే కొనుక్కోమనాలా?

జవాబు (పాలకొల్లు)

అక్కడే కొనుక్కోమనండి బాబాయ్ గారూ. ఇక్కడ దొరికేవి ఆ చలికి ఆగవు. పార్సిల్ చార్జీకి కొంచెం కలిపితే అక్కడ మంచి జత వస్తుంది. లోపల ఉన్ని సాక్సు వేసుకోవాలి, అందుకని ఒక సైజు పెద్దది తీసుకోమనండి.