సమస్య: ఓడ కొండనెక్కి యూయలూగె

నిర్వాహకుడు, తిరుపతి

ఈ వారం సమస్య ఇది. అర్థం పొసగనట్టున్న ఈ పాదానికి ముందు మూడు పాదాలు రాసి, పొసిగేట్టు పూరించాలి.

*ఓడ కొండనెక్కి యూయలూగె*

ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే, అంటే మూడు మాత్రలవే. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, ఇక్కడ ఓకారానికి ఊకారంతో. ఈసారి వస్తువు కూడా నేనే ఇస్తున్నాను: పేరైనా తెలియని తీరం వెతుక్కుంటూ ఓడెక్కిన కుర్ర నావికులు.

కొండ కింద కూర్చుని సముద్రం గొడవ మనకెందుకప్పా అని అడగబోయేవాళ్ళకు ముందే చెబుతున్నా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు సూళ్ళూరుపేట, తడ మన తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. అంటే మనకూ ఒక ఒడ్డుంది. చంద్రగిరి, తిరుచానూరు, కాళహస్తి మీదుగా పోయే స్వర్ణముఖి ఎప్పుడూ సముద్రానికే పోతోంది. మనమే దాని వెంట పోలేదు.

నియమాలు రెండే. మొదటిది, కల వద్దు. మూడు పాదాలు ఏదో ఒకటి రాసి "అని కలగంటి" అనడం పూరణ కాదు, తప్పించుకోవడం. రెండోది, మూడో పాదం చివర వాక్యం ఆగాలి. ఆగకపోతే సంధి వచ్చి నా "ఓడ" కాస్తా "నోడ" అవుతుంది, లేదా "యోడ" అవుతుంది. అప్పుడు మీరు పూరించింది నేనిచ్చిన సమస్య కాదు.

చిత్తూరు మామిడితోట

కొండమీద పుష్కరిణి ఉంది, ఫాల్గుణంలో తెప్పోత్సవం ఉంది. ఇంకేం కావాలి సామీ, సమస్య తీరిపోయింది కదా?

నిర్వాహకుడు, తిరుపతి

తెప్ప ఓడ కాదు. పైగా అది కొండ ఎక్కలేదు, అక్కడే పుట్టింది. నావికులు ఎక్కడ?

చంద్రగిరి మాస్టారు

తొలి పూరణ నాది.

*తీర మెరుగనట్టి దిక్కుకై యువకులు*
*సాగి పోవ గాలి జడలు విప్పె;*
*కొండయంత యలను గుండె దిటవు చేసి*
*ఓడ కొండనెక్కి యూయలూగె.*

నిర్వాహకుడు, తిరుపతి

"గాలి జడలు విప్పె" దగ్గర కాసేపు ఆగిపోయాను మాస్టారూ. సాకు జతో యతి కూడా ఎంత సునాయాసంగా కుదిరిందో. కానీ మూడో పాదంలో చిక్కుంది. గుండె దిటవు చేసుకున్నది కుర్రాళ్ళు. ఎక్కి ఊగింది ఓడ. "చేసి" అన్నాక ఆ పని చేసినవాళ్ళే తర్వాతి పనీ చేయాలి గదా. ఇక్కడ ఓడకు గుండె వచ్చింది. "అలను" కూడా దిక్కులేకుండా నిలబడింది. ఏ క్రియ మీద ఆనుకోవాలో దానికే తెలియదు.

చంద్రగిరి మాస్టారు

నిజమే. ముప్పై ఏళ్ళు పిల్లల చేత "క్త్వార్థకానికి ఏకకర్తృకం" అని వల్లె వేయించినవాణ్ణి. మార్చాను:

*కొండయంత లేచె కుదిపెడి కెరటమ్ము;*

కాళహస్తి పెద్దాయన

ఇప్పుడు వ్యాకరణం బాగుంది, పద్యం పలచబడింది. "కొండయంత" అని మూడో పాదంలోనే చెప్పేశావు. ముడి విప్పేసి తర్వాత ముడి చూపిస్తే ఎవడు ఆశ్చర్యపోతాడు?

తడ తెప్పోడు

నాకు గణాలు తెలియవు, పడవ తెలుసు. ఒక మాట చెప్పొచ్చా? పులికాట్ లోపల నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు ఉంటాయి, అక్కడ ఏ కొండా లేవదు. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గరే అసలు పని. అక్కడ పెద్ద అల వస్తే పడవ ముక్కు సూటిగా దానికేసి పెట్టాలి. పక్క చూపించామంటే బోర్లా పడుతుంది. ఎక్కేటప్పుడు ఆకాశం తప్ప ఏమీ కనబడదు. భయం అప్పుడు కాదు, శిఖరం దాటి ముక్కు కిందికి వంగుతుందే, అప్పుడు. కడుపులో పేగులు పైకొస్తాయి. ఉయ్యాల పైకి పోయి వెనక్కి వచ్చేటప్పుడు ఉండేది అదే. కాబట్టి "ఊయల" అనే మాట వేసినవాళ్ళకు దండం. మాస్టారి పద్యంలో ఎక్కడం ఉంది, దిగడం లేదు.

నిర్వాహకుడు, తిరుపతి

ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఇక్కడ ఇంత మంచి విమర్శ రాలేదు. అన్నా, మీరు గణాలు నేర్చుకోవద్దు, ఇలాగే ఉండండి.

పుత్తూరు పదో తరగతి

సార్, నేను మొదటిసారి రాస్తున్నా. తప్పులుంటే తిట్టకండి.

*కుర్రవాళ్ళు నలుగు రెక్కిరి పడవను,*
*మ్యాపు లేని దీవి మనది యనిరి;*
*ఫోను సిగ్నలు పడిపోయె, పొంగె కడలి;*
*ఓడ కొండనెక్కి యూయలూగె.*

కాళహస్తి పెద్దాయన

ఫోను! సిగ్నలు! ఆటవెలదికి ఈ గతి పట్టిందా నాయనా?

నిర్వాహకుడు, తిరుపతి

పెద్దాయనా, కోప్పడకండి. హరవిలాసంలో అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడు ఓడల మీద తెప్పించిన సరుకు చెబుతూ శ్రీనాథుడు హురుముంజి అనే పేరు పద్యంలో పెట్టలేదా? అది పరదేశపు రేవు. గుర్రాలు అక్కడి నుంచి దిగేవి, పేరు కూడా గుర్రాలతో పాటు దిగింది. సముద్రం మీద పోయేవాడి నోట పరాయి మాట రాకుండా ఎలా ఉంటుంది?

బాబూ, నీ మూడో పాదం చూడు: ఫో, పో. యతి తెలిసి వేశావో, అదృష్టమో గానీ చక్కగా పడింది. రెండో పాదం ఇంకా బాగుంది. మ్యాపులో లేని దీవిని ముందే "మనది" అనేసుకోవడం ఆ వయసులోనే వస్తుంది. మొదటి పాదంలోనే దెబ్బతిన్నావు. "కు"తో మొదలెట్టి నాలుగో గణం "నలుగురు ఎక్కిరి"లోని ఎకారంతో వేశావు. కు, ఎ కలవవు. ఇలా అనుకో:

*కుర్రవాళ్ళు కలిసి కొయ్య పడవ నెక్కి*

కు, కొ. నలుగురు పోయారు గానీ యతి వచ్చింది.

పుత్తూరు పదో తరగతి

థ్యాంక్స్ సార్. కానీ నలుగురు ఉండాలి, మేము నలుగురమే.

నిర్వాహకుడు, తిరుపతి

అయితే నలుగురూ కలిసి ఇంకో పాదం ఆలోచించండి.

కుప్పం

ఊహించినవి ఎందుకు, జరిగినదే రాశాను. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, 2018 మే 21న మళ్ళీ గోవాకే చేరిన మన నౌకాదళం తెరచాప పడవ తారిణి. ఆరుగురూ ఆడపిల్లలే, నాయకురాలు వర్తికా జోషి. మొత్తం 254 రోజులు.

*ఆరు మంది పడుచు లవని చుట్టగ నేగ*
*తారిణికి తుఫాను దారి చూపె;*
*కేపు హారను కడ గిరులె యాయె నలలు;*
*ఓడ కొండనెక్కి యూయలూగె.*

తిరుచానూరు అక్క

"తారిణికి తుఫాను దారి చూపె" చదివి ఒళ్ళు జలదరించింది తమ్ముడూ. ఆ ఆరుగురిలో స్వాతి విశాఖ అమ్మాయి, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు అమ్మాయి. అది కూడా చెప్పు, మనవాళ్ళకు తెలియాలి.

చంద్రగిరి మాస్టారు

పద్యం నిండుగా ఉంది. కానీ వస్తువు "తెలియని తీరం" కదా. నీ "కేపు హారను", అంటే దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్, పటంలో ఉన్నదే. వాళ్ళకు దారి ముందే తెలుసు.

కుప్పం

పటంలో ఉంటే తెలిసినట్టేనా మాస్టారూ? నాకు మా వీధి చివర ఇల్లు కూడా లోపలెలా ఉంటుందో తెలియదు.

నిర్వాహకుడు, తిరుపతి

ఇద్దరిదీ నిజమే. నేను మాస్టారి వైపు ఒక వెంట్రుకవాసి మొగ్గుతాను. ఈ పద్యంలో తుఫాను ఉంది, తెగువ ఉంది, తీరం లేదు. అది అలల దగ్గరే అయిపోయింది. అన్నట్టు, 2004 సునామీకి ఇండోనేషియాలోని బందా ఆచేలో కరెంటు తయారు చేసే పెద్ద ఓడ ఒకటి నీళ్ళతో పాటు ఊళ్ళోకి కొట్టుకొచ్చింది. దాని మీద ఎవరైనా రాస్తారేమో అనుకున్నాను. ఎవరూ రాయలేదు, మంచిదే. అది ఊయల ఊగలేదు, ఊరి మీద కూర్చుంది.

పలమనేరు లెక్కల అయ్యోరు

అందరూ ఓడలోనే కూర్చుని రాస్తున్నారు. నేను ఒడ్డున దిగాను.

*కొత్త నేల వారు గుట్ట చాటున నిల్చి*
*కడలి వంక జూడ, గాలి పొరల*
*వెలుగు వంగి చూపె వింత యొక్కటి వార్కి:*
*ఓడ కొండనెక్కి యూయలూగె.*

ఇది ఎండమావి కథే, కాకపోతే తలకిందులు. నీళ్ళ మీద చల్లగాలి పొర, దాని మీద వెచ్చని గాలి పొర ఉంటే వెలుతురు కిందికి వంగుతుంది. దూరాన ఉన్న ఓడ ఉన్నచోటి కంటే పైన, గాలిలో వేలాడినట్టు కనబడుతుంది. ఒక్కోసారి తలకిందులుగా కూడా. తీరంలో గట్టు ఉంటే దాని నెత్తిన ఎక్కి కూర్చున్నట్టే. పొరలు కదిలితే బొమ్మ ఊగుతుంది. నీ పాదంలో ప్రతి మాటా అక్షరాలా నిజం.

కాళహస్తి పెద్దాయన

ఒక్క సంధి కూడా జారలేదు. "వార్కి" కొంచెం బిగించావు, ఫరవాలేదు. అసలు సంగతి అది కాదు. "కొత్త నేల" ఎవరికి కొత్త? ఓడలో వస్తున్నవాళ్ళకు. గుట్ట చాటున నిలబడ్డవాళ్ళకు అది ఊరు, గొడ్డూగోదా, ఇల్లూవాకిలి. వాళ్ళకు కొత్తది ఆ ఓడ. అలాంటప్పుడు నీ పద్యం వాళ్ళ కళ్ళతో చూస్తూ వాళ్ళను "కొత్త నేల వారు" అనడం పొసగుతుందా?

పలమనేరు లెక్కల అయ్యోరు

పట్టేశారు. గణం కుదిరిందని సంబరంలో చూసుకోలేదు. "కొత్త"కు బదులు "సొంత" అంటే అర్థం కుదురుతుంది, యతి పోతుంది. రేపటిదాకా గడువివ్వండి.

చిత్తూరు మామిడితోట

తెప్ప వద్దన్నారు కాబట్టి నాణెం తెచ్చాను. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది గదా. అలాంటిది మెడలో వేసుకుని, ఓడెక్కేముందు ఓ అమ్మాయి అలిపిరి నుంచి మెట్లెక్కింది.

*పాత నాణెమందు పడవ బొమ్మను మెచ్చి*
*మెడను దాల్చె నావ మీది పిల్ల;*
*మెట్టు మెట్టు మొక్కి మేలు కోరి నడువ*
*ఓడ కొండనెక్కి యూయలూగె.*

తిరుచానూరు అక్క

అబ్బ! గొలుసుకు వేలాడే ఓడ, నడిచే కొద్దీ ఊగే ఓడ. 3,550 మెట్లు ఊగింది.

నిర్వాహకుడు, తిరుపతి

ఊహ అద్భుతం. ఒక్క అల కూడా లేకుండా ఓడను కొండెక్కించారు, అదీ మన కొండ. కానీ నియమం రెండు దెబ్బతింది. "నడువ" దగ్గర వాక్యం ఆగలేదు. నడువన్, ఓడ కలిస్తే "నడువ నోడ". నా పాదం పోయింది.

చిత్తూరు మామిడితోట

ఇదిగో: *మెట్టు మెట్టు మొక్కి మేలు కోరె, గనుడు;*

నిర్వాహకుడు, తిరుపతి

"గనుడు" అతుకు లాగే కనబడుతోంది, అయినా ఒప్పుకుంటున్నా.

తడ తెప్పోడు

పద్యం బాగుంది గానీ ఆ పిల్ల ఇంకా ఓడెక్కనే లేదు. తీరం ఎప్పుడు చూస్తుంది?

తిరుచానూరు అక్క

మీరందరూ "ఓడ" అంటే పడవే అనుకున్నారు. నేను అనుకోలేదు.

*పంతగించె గాలి పడుచు నావికతోడ,*
*మూడు రేలు పోరె మొండి దగుచు;*
*దీవి కానిపించె, తీరాన నా గాలి*
*ఓడ, కొండనెక్కి యూయలూగె.*

గాలి ఓడగా, అంటే ఓడిపోగా, ఆ పిల్ల దీవిలోని కొండ ఎక్కి ఉయ్యాల ఊగింది.

చంద్రగిరి మాస్టారు

కుర్చీలోంచి లేచాను.

పుత్తూరు పదో తరగతి

ఓడ అంటే ఓడిపోవడమా! మా నలుగురికీ ఇప్పుడు అర్థమైంది అక్కా.

కాళహస్తి పెద్దాయన

అమ్మా, బంగారం లాంటి విరుపు. కానీ "గాలి ఓడ" అన్నప్పుడు మధ్యలో ఆగే వీలే లేదు. గాలి కర్త, ఓడ క్రియ. "గాలి యోడ" అయి తీరుతుంది. నిర్వాహకుడి రెండో నియమం నిట్టనిలువునా విరిగింది.

నిర్వాహకుడు, తిరుపతి

రాత్రి దీని మీద చాలాసేపు కూర్చున్నాను. ఇప్పటిదాకా వచ్చినవాటిలో గొప్ప పూరణ ఇదే, నియమం తప్పిందీ ఇదే. నేను పెట్టిన నియమాన్ని నేనే వదిలేస్తే మామిడితోట గారు నాతో మాట్లాడరు. అందుకని మూడో పాదం ఇలా మార్చి చూశాను:

*దీవి కానిపించె, తీరాన దిగె నామె;*
*ఓడ, కొండనెక్కి యూయలూగె.*

దీ, తీ యతి అలాగే ఉంది. వాక్యం "ఆమె"తో ఆగింది. ఓడినది గాలి అని మొదటి పాదం నుంచి తెచ్చుకోవాలి.

కాళహస్తి పెద్దాయన

మూడు పాదాలు వెనక్కి నడిచి కర్తను మోసుకొస్తే దూరాన్వయం అంటారు. అయినా ఈ పిల్ల కోసం నేను నడుస్తాను.

తిరుచానూరు అక్క

నాకు నా "గాలి"యే ఇష్టం. కానీ "దిగె నామె"లో ఆ పిల్ల నేల మీద కాలు పెట్టిన చప్పుడు వినబడుతోంది, అది నా దాంట్లో లేదు. ఉంచేయండి.

తడ తెప్పోడు

ఒక ప్రశ్న. మూడు రాత్రులు గాలితో కొట్టుకున్న పిల్లకు దీవి దగ్గర్లో ఉందని ఎట్లా తెలిసింది? మాకైతే పక్షులు చెబుతాయి. సాయంత్రం గుంపుగా ఎటు పోతే అటే నేల.

చంద్రగిరి మాస్టారు

పాతకాలం వర్తకులు అందుకే ఓడలో కాకిని తీసుకుపోయేవారు. దిశాకాకం అంటారు, బావేరు జాతకమనే బౌద్ధ కథలో ఉంది. వదిలితే నేల ఉన్న వైపు ఎగిరిపోతుంది, నేల లేకపోతే తిరిగి తెరచాప కొయ్య మీదికే వస్తుంది. అక్క పద్యంలో కాకికి చోటు లేదు, పాపం.

నిర్వాహకుడు, తిరుపతి

కాకి వచ్చే వారం సమస్యలోకి వస్తుంది. ఈ వారం మొదటి తాంబూలం తిరుచానూరు అక్కకు, రెండోది నాణెం ఓడకు. అయ్యోరి ఎండమావి గడువులో ఉంది.

పుత్తూరు పదో తరగతి

సార్, మాకు మార్కులు లేవా?

నిర్వాహకుడు, తిరుపతి

మూడో పాదం యతికి పది. ఫోనుకు అయిదు.

కాళహస్తి పెద్దాయన

ఫోనుకు సున్నా.

పుత్తూరు పదో తరగతి

మరి మ్యాపుకు, తాతా?

కాళహస్తి పెద్దాయన

మ్యాపుకు... సరే, రెండు వేసుకో.