స్మాల్ క్లెయిమ్స్ కోర్టు నోటీసు ఇంటి ఓనర్‌కి చేరడం లేదు, ఏం చేయాలి? (కాలిఫోర్నియా)

ఫిబ్రవరి 28న అద్దె ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఇచ్చేశాం. ఇక్కడి చట్టం ప్రకారం ఓనర్ 21 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి, కోత పెడితే దేనికెంతో లెక్క రాసి పంపాలి. ఆయన రెండూ చేయలేదు. ఫోన్ ఎత్తరు, మెసేజ్ చూసి ఊరుకుంటారు. డిమాండ్ లెటర్‌కీ జవాబు లేకపోవడంతో ఎస్‌సీ-100 ఫారం నింపి కేసు వేశాను. ఇది చిన్న మొత్తాల తగాదాలు చూసే కోర్టు కాబట్టి అంతవరకు పని సులువుగానే అయింది, లాయర్ అవసరం కూడా రాలేదు.

చిక్కంతా నోటీసు దగ్గరే. కోర్టు క్లర్క్ సర్టిఫైడ్ మెయిల్‌లో పంపిన కవరు ఎవరూ తీసుకోలేదని తిరిగొచ్చింది. కేసు వేసినవాళ్లు స్వయంగా అందించకూడదు కాబట్టి ఫ్రెండ్‌ని పంపాను. తీరా చూస్తే అగ్రిమెంట్‌లో ఓనర్ అడ్రస్‌గా ఉన్నది ఇల్లు కాదు, మెయిల్‌బాక్సులు అద్దెకిచ్చే షాపు! ‘యూనిట్ 214’ అంటే అరచేతి వెడల్పు ఇనప పెట్టె. ఆయనది వేరే అడ్రస్ ఏదీ దొరకలేదు.

విచారణ జూన్ 18న. ఆ అడ్రస్ కోర్టున్న కౌంటీలోనే (మన జిల్లా లాంటిది) ఉంది కాబట్టి నోటీసు ఆయన చేతికిస్తే 15 రోజుల ముందు చాలు, వేరేవాళ్లకిచ్చి కాపీ పోస్టు చేస్తే మాత్రం 25 రోజుల ముందే అయిపోవాలి. అందుకే టెన్షన్. ఎస్‌సీ-150 ఫారంతో వాయిదా అడగొచ్చు, కానీ అడ్రసే తేలనప్పుడు వాయిదాతో ఒరిగేదేముంది?

షాపు కౌంటర్‌లోని మనిషికి కాగితాలిచ్చి, అదే అడ్రస్‌కి కాపీ పోస్టు చేస్తే నోటీసు అందినట్టు జడ్జి ఒప్పుకుంటారా? ఇలా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పగలరు.