లైకా ఎం3 మీద ముడుచుకునే ఎల్మార్ 50: రోజూ వాడేవాళ్లు కాస్త చెప్పండి

బెజవాడ_రీలు:
అందరికీ నమస్తే. నా దగ్గర లైకా ఎం3 ఫిల్మ్ కెమెరా ఉంది, దానికి సమ్మిక్రాన్ 50 మి.మీ. లెన్స్ వాడుతున్నా. లెన్స్ మీద ఒక్క కంప్లైంటు కూడా లేదు కానీ ఆఫీసు బ్యాగులో రోజూ పెట్టుకుని వెళ్లి సాయంత్రం బీసెంట్ రోడ్డులోనో వన్ టౌన్ సందుల్లోనో తిరుగుదామంటే ముందుకి పొడుచుకొచ్చి ప్రతిదానికీ తగులుకుంటోంది. ఇప్పుడు తెలిసినాయన ఒకరు పాత ఎల్మార్ 50 ఎఫ్ 3.5 ఇస్తానంటున్నారు, మరల బిగించే రకం, 1930ల నాటిది, గాజు మీద వెలుగు చెదరకుండా వేసే కోటింగ్ లేదు. లోపలికి నెట్టేస్తే కెమెరా నిజంగానే పల్చగా అయిపోతుంది, చూడగానే మనసు పడ్డా. నా అనుమానాలేంటంటే, అలా నెట్టినప్పుడు వెనక గొట్టం ఫిల్మ్ ముందుండే తెరకి, అదే షట్టర్ కర్టెన్‌కి తగలదు కదా? ఎపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) మార్చే పుల్ల ముందు గాజు పక్కనే గోరంత ఉంది, రోడ్డు మీద నడుస్తూ దాన్ని మార్చడం అయ్యే పనేనా? ఇంకోటి, అమెరికాలో ఉండే మా అన్నయ్య సంక్రాంతికి వస్తాడు, ఆయనది డిజిటల్ ఎం9, దాని మీద కూడా వేసి చూడొచ్చా?

సిల్వర్_వైజాగ్:
ఎం3 మీద ఈ లెన్స్ నిశ్చింతగా ముడవచ్చండి, కర్టెన్‌కి తగలదు, నేను ఎన్నో ఏళ్లుగా ఇదే జత వాడుతున్నా. అసలు లైకా పుట్టుకే ఇలాంటి లెన్స్‌తో జరిగింది. 1925లో ఓస్కార్ బార్నాక్ కెమెరా బయటికొచ్చినప్పుడు కోటు జేబులో పట్టాలనే దానికి లోపలికి వెళ్లే లెన్స్ పెట్టారు, డిజైన్ మాక్స్ బెరెక్‌ది, మొదట ఐదు గాజుల ఎల్మాక్స్, తర్వాత నాలుగు గాజుల ఎల్మార్. అంటే మీరు ఇప్పుడు అడుగుతున్న అవసరం కోసమే అది పుట్టింది.

కానీ ఒక్క విషయం బాగా బుర్రకెక్కించుకోండి. ఎం3 లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాలో మనం చూసేది లెన్స్‌లోంచి కాదు కదా, పక్కనున్న కిటికీలోంచి. లెన్స్ లోపలికి ముడిచి ఉన్నా ఫోకస్ లివర్ తిప్పితే వెనక రింగు కదులుతూనే ఉంటుంది, దాంతో ఫైండర్‌లో ఫోకస్ కుదిరిందని చూపించే రెండు బొమ్మలూ చక్కగా కలుస్తాయి, షట్టర్ కూడా పడుతుంది, అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. ఫిల్మ్ కడిగాక చూస్తే ఏ ఫ్రేములోనూ ఏమీ ఉండదు, అంతా మసక. లెన్స్‌లోంచే చూసే ఎస్ఎల్ఆర్ కెమెరాల నుంచి వచ్చినవాళ్లకి ఇది అసలు తట్టదు, ఎందుకంటే అక్కడ ఫోకస్ పోతే కంటికి తెలిసిపోతుంది, ఇక్కడ కెమెరా మనకి ఏమీ చెప్పదు. అందుకని చెయ్యికే అలవాటు చెయ్యాలి. ముందు రింగుని రెండు వేళ్లతో పట్టుకుని పూర్తిగా బయటికి లాగి, బిగిసి ఆగేదాకా తిప్పి, ఆ తర్వాత బొటనవేలితో ఒకసారి వెనక్కి మెల్లగా నొక్కి చూడండి. కదలకపోతే లాక్ పడినట్టు. కొంతమంది లాగుతారు కానీ తిప్పరు, అప్పుడు ఎపర్చర్ మార్చడానికి ముందు వేలు పెట్టగానే గొట్టం కాస్త లోపలికి జారుతుంది, అదింకా ప్రమాదం. నేనైతే నడకకి బయల్దేరేటప్పుడు ఒక్కసారి లాగి లాక్ చేస్తా, మళ్లీ బ్యాగులో పెట్టేటప్పుడే ముడుస్తా. ఫొటో ఫొటోకీ ముడిచి తెరవడం అనేది అనవసరపు శ్రమ.

ఎపర్చర్ సంగతి. దాని అంకెలు కూడా పాత పద్ధతివి, 3.5 తర్వాత 4.5, 6.3, 9, 12.5, 18 ఉంటాయి. భయపడకండి, మనకి అలవాటైన 4, 5.6, 8, 11, 16లకి మూడో వంతు స్టాప్ (వెలుగు రెట్టింపు అయ్యే ఒక మెట్టు) తేడా అంతే, నెగెటివ్ ఫిల్మ్‌కి అది లెక్కలోకి రాదు. నడుస్తూ మార్చడం కష్టమే, అందుకే మార్చకుండా వాడాలి. ఎండలో 400 ఫిల్మ్ అయితే 12.5 పెట్టి 1/500 ఉంచి, ఫోకస్ 5 మీటర్ల దగ్గర వదిలెయ్యండి. మూడు మీటర్లలోపు నుంచి దాదాపు ఇరవై మీటర్ల దాకా అన్నీ సరిపడా షార్ప్‌గా వస్తాయి. వెలుగు తగ్గితే షట్టర్ స్పీడే తగ్గించుకుంటూ రండి, ఆ డయల్ పైనే ఉంది కదా.

డెక్కన్_గ్రెయిన్:
వైజాగ్ అన్న చెప్పిందాంట్ల తప్పేం లేదు, కానీ నేను వేరే మాట చెప్తా. మీరే సాయంత్రం తిరుగుతా అంటున్నరు. కోటింగ్ లేని లెన్స్, అదీ 3.5. నేను రంజాన్ టైంల చార్మినార్ దగ్గర రాత్రి లైట్ల ముందర ఇట్లాంటి దాంతోని తీసిన, బల్బు ఫ్రేమ్‌ల ఉంటే చాలు నలుపు మొత్తం బూడిద రంగు అయితది. పొద్దుగాల మెత్తని వెలుగుల అదే లెన్స్ మస్తుగుంటది, ముఖాలు ఎంత బాగొస్తయో మాటల్ల చెప్పలేను, అది వేరే సంగతి. సాయంత్రాలే ముఖ్యమంటే 1957ల వచ్చిన ఎల్మార్ 2.8 చూడండి, కోటింగ్ ఉంటది, అది కూడా ముడుచుకుంటది. కొందరు చిన్న 35 పాన్‌కేక్, అంటే పల్చటి లెన్స్ తీసుకోమంటరు, కానీ ఎం3 ఫైండర్‌ల 50, 90, 135 లెన్సుల ఫ్రేములే ఉంటయి, 35 లేదు. దానికి పైన ఇంకో ఫైండర్ తగిలించుకోవాలె, ఇగ చిన్నగ ఉండాలన్న ముచ్చటే పోతది.

ఎం_డిజిటల్:
ఎం9 గురించి నేను చెప్తా. వెయ్యొచ్చు, కానీ బయటికి లాగి లాక్ చేసే వెయ్యాలి, ఆ కెమెరా మీద ఉన్నంతసేపూ లోపలికి నెట్టకూడదు. లైకావాళ్ల మాన్యువల్‌లోనే ముడుచుకునే లెన్సులు గొట్టం బయటికి ఉంచే వాడాలని ఉంటుంది, ఒక్క మాక్రో ఎల్మార్ 90 ఎఫ్ 4కే మినహాయింపు, ఎందుకంటే దాని గొట్టం ముడిచినా బాడీలోకి రాదు. మీ అన్నయ్య చేతికిచ్చేటప్పుడు ఈ మాట ముందే చెప్పండి, కొత్త లెన్స్ చేతికొస్తే ఎవరైనా మొదట చేసే పని లోపలికి నెట్టి చూడటమే. ఫిల్మ్ బాడీల్లో కూడా ఎం5, లైకా సీఎల్ వీటిల్లో లెన్స్ వెనకాలే వెలుగు కొలిచే మీటర్ చెయ్యి ఒకటి లేచి నిలబడుతుంది, వాటి మీద కూడా నెట్టకూడదు. మీ ఎం3లో అసలు మీటరే లేదు కాబట్టి ఆ బెడద లేదు.

బెజవాడ_రీలు:
అందరికీ చాలా థాంక్స్, ఫైండర్‌లో బొమ్మలు కలుస్తూనే ఉంటాయన్న సంగతి నాకు అసలు తెలీదు, అది తెలియకుండా మొదలుపెట్టి ఉంటే రీలంతా పోయేదే. డెక్కన్ అన్నా, మీ మాట సబబే కానీ నాకు సమ్మిక్రాన్ ఉండనే ఉంది కదా, చీకటి పడ్డాక అనుకున్న రోజు అది తీసుకెళ్తా, ఇది మాత్రం పగటికీ రోజూ బ్యాగుకీ. వైజాగ్ గారూ, తీసుకునే ముందు ఏం చూడాలి? పక్క వెలుగు పడకుండా లెన్స్ ముందు తొడిగే హుడ్ కూడా కావాలా?

సిల్వర్_వైజాగ్:
ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. పొగ పట్టినట్టు తెల్లగా కనిపిస్తే హేజ్, అది తెలిసిన మెకానిక్ చేత శుభ్రం చేయించుకోవచ్చు. సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే ఫంగస్, మన కోస్తా తేమకి ఇది మామూలే, గాజుని తినేసి ఉంటే వదిలెయ్యండి. ముందు గాజు మీద తుడిచి తుడిచి పడ్డ సన్న గీతలు చాలావాటికి ఉంటాయి, అవి మరీ ఎక్కువైతే ఇందాక డెక్కన్ గారు చెప్పిన బూడిద రంగు ఇంకా పెరుగుతుంది. లాక్ చేశాక గొట్టం పట్టుకుని అటూ ఇటూ ఊపండి, ఆడకూడదు. ఇంకో ముఖ్యమైన సంగతి, సోవియట్ ఫెడ్, జోర్కీ కెమెరాల లెన్సుల మీద ఎల్మార్ అని చెక్కి అమ్మేవి బయట బోలెడు. అసలైన ఎల్మార్‌లో ఎపర్చర్ రేకులు మొదటి గాజు వెనకాలే ఉంటాయి, అవి లోతుగా ఎక్కడో కనిపిస్తే అనుమానించండి. (ఆ సోవియట్ లెన్స్ ఇండస్టార్ 22 చెడ్డదేం కాదు, తక్కువ ధరలో మంచి లెన్సే, కానీ ఇండస్టార్ ధరకే కొనాలి.)

హుడ్ తప్పకుండా తీసుకోండి, కోటింగ్ లేనిదానికి అది అలంకారం కాదు. ఫిసాన్ అని పాతది దొరుకుతుంది, వాలూ అని ఇంకోటి ఉంది, దాంతో హుడ్ తియ్యకుండానే బయటి నుంచి ఎపర్చర్ తిప్పొచ్చు, మీ రెండో అనుమానానికి అదే మందు. మామూలు తొడిగే ఫిల్టర్ వేస్తే మాత్రం ఆ పుల్ల లోపల పడిపోతుంది, ప్రతిసారీ ఫిల్టర్ తియ్యాలి.

మరల లెన్స్‌ని ఎం3కి బిగించడానికి మరల నుంచి ఎం మౌంటుకి ఎడాప్టర్, 50 లెన్స్‌కి సరిపడేది తీసుకోండి. మరీ చవకవి మందంలో తేడా ఉండి ఫోకస్ తప్పిస్తాయి, దాని దగ్గర పొదుపు వద్దు. దగ్గరి ఫొటోలు 1 మీటరు దాకానే, అంతకంటే దగ్గరికి వెళ్లదు.

చివరగా మన ఎండల గురించి. ఎం3 షట్టర్ గుడ్డది, మధ్యలో అద్దం లేదు. లెన్స్ బయటికి లాగి దూరానికి ఫోకస్ పెట్టి ఉండగా సూర్యుడి వైపు తిరిగి మెడలో వేలాడితే భూతద్దంతో కాల్చినట్టే కర్టెన్‌కి చిల్లు పడుతుంది, తర్వాత ప్రతి ఫ్రేములో తెల్లచుక్క. నడిచేటప్పుడు లెన్స్ నేలవైపు ఉండేలా పట్టీ సర్దుకోండి, ఎక్కడైనా కూర్చుని టీ తాగేటప్పుడు మూత పెట్టెయ్యండి.