సస్సువోలో మరాజ్జి: ఆ పేరు కుటుంబానిదా, ఊరిదా?

పాలకొల్లు_ప్రయాణికుడు:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇటలీలో, మోదెనాలో మాస్టర్స్ చదువుతోంది. మొన్న వెళ్లినప్పుడు పక్కనే ఉన్న సస్సువోలో కూడా చూసొచ్చాం. ఫెరారీ కార్ల మరనెల్లో ఉంది కదా, దానికి బాగా దగ్గర. రోడ్డుకి రెండు పక్కలా టైల్స్ ఫ్యాక్టరీలే. ఎటు చూసినా ప్యాలెట్లు, గోడౌన్లు, లారీలు. అక్కడ అందరి నోటా వినిపించిన పేరు మరాజ్జి, టైల్స్ కంపెనీ. 1935లో ఫిలిప్పో మరాజ్జి మొదలుపెట్టాడట. తర్వాత కొడుకు, మనవడు నడిపారట. ఇప్పుడు మాత్రం అమెరికా వాళ్లదట. ఈ లైన్లో పనిచేసినవాళ్లు, అక్కడ ఉంటున్నవాళ్లు, ఆ సరుకు అమ్మినవాళ్లు ఎవరైనా ఉంటే తెలిసింది రాయండి. నెట్‌లో వెతికితే దొరికేదంతా బ్రోచర్ భాషే.

మోదెనా_కుర్రాడు:
అంకుల్, నేనూ ఇక్కడే మెటీరియల్స్ చదివాను, ఇప్పుడు ఇక్కడే ఉద్యోగం. ముందు ఊరి సంగతి. సస్సువోలోకి మట్టిపని మరాజ్జితో రాలేదు. మోదెనాని ఎస్తే వంశం డ్యూకులు ఏలేవారు, వాళ్ల వేసవి విడిది ప్యాలెస్ ఇప్పటికీ ఊరి మధ్యలో ఉంది. ఆ డ్యూకుల కాలంలోనే 1741 ప్రాంతంలో ఇక్కడ మయోలికా (మెరిసే పూత వేసిన మట్టి) గిన్నెలు, పళ్లేలు చేసే కార్ఖానా పెట్టారు. పక్కన సెక్కియా నది, వెనకాల అపెన్నైన్ కొండల ఎర్రమట్టి. తర్వాత 19వ శతాబ్దంలో పళ్లేల నుంచి గోడ పలకల వైపు మళ్లారు.

మరాజ్జి మొదటి షెడ్డుకి ఊళ్లో వాళ్లు పెట్టిన ముద్దుపేరు 'అట్ట ఫ్యాక్టరీ'. అంత తేలిగ్గా కట్టారన్నమాట. ముసోలినీ కాలం, మాంద్యం ఇంకా పూర్తిగా వదల్లేదు, చుట్టూ రైతులు, కూలీలు. ఆ రోజుల్లో ఇళ్లకి టైల్స్ వేయించుకునే స్తోమత ఎందరికి ఉంటుంది? అసలు గిరాకీ యుద్ధం అయ్యాకే. 1950లు, 60లలో ఇటలీ అంతటా అపార్ట్‌మెంట్లు లేచాయి. ప్రతి ఫ్లాట్‌కీ ఒక బాత్‌రూమ్, ఒక వంటిల్లు. దక్షిణ ఇటలీ నుంచి కుటుంబాలకి కుటుంబాలే పనికోసం ఇక్కడికి వచ్చేశాయి. అప్పటికి కంపెనీ పగ్గాలు కొడుకు పియెత్రో చేతికొచ్చాయి.

గూడూరు_బట్టీ:
నాకు సంబంధించిన టాపిక్ దొరికింది, కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

నేను గూడూరులో సిరామిక్ డిప్లొమా చేసి గుజరాత్ వెళ్లినవాణ్ణి. మా బ్యాచ్ వాళ్లు దేశంలో ఏ టైల్ ఫ్యాక్టరీకి వెళ్లినా ఒకరైనా కనిపిస్తారు. మరాజ్జి పేరు మా పుస్తకాల్లోకి ఎక్కింది ఒక్క విషయంతో: మోనోకొత్తూరా, అంటే సింగిల్ ఫైరింగ్.

పాత పద్ధతిలో టైల్‌ని రెండుసార్లు కాల్చాలి. మొదట వట్టి మట్టి పలకని కాల్చి బిస్కట్ చేస్తారు. దానిమీద గ్లేజ్, అంటే గాజులాంటి పూత, పోసి మళ్లీ కాలుస్తారు. బండ్ల మీద పేర్చి, సొరంగంలాంటి బట్టీలోకి, అదే టన్నెల్ కిల్న్‌లోకి, తోస్తే ఒక్క బిస్కట్‌కే గంటలకి గంటలు పట్టేది, రెండు కాల్పులూ కలిపితే రోజులే. గ్యాస్ బిల్లు రెండింతలు, పేర్చడానికీ దించడానికీ మనుషులు రెండింతలు, పగిలేవి కూడా రెండింతలు. 1970ల మధ్యలో మరాజ్జి వాళ్లు పచ్చి పలక మీదే గ్లేజ్ పోసి, రోలర్ల మీద ఒక్క వరసలో నడిపించి, గంటలోపే ఒక్కసారి కాల్చి బయటికి తెచ్చారు. చమురు సంక్షోభం నడుస్తున్న రోజులవి. టైమింగ్ చూడండి.

చెప్పడానికి తేలిక. చేయడం ఎందుకు కష్టమంటే, మట్టిలో సున్నపురాయి, సేంద్రియ పదార్థం ఉంటాయి. వేడెక్కితే అవి గ్యాస్ వదులుతాయి. ఆ గ్యాస్ అంతా పోయేదాకా పైన గ్లేజ్ కరక్కూడదు. ముందే కరిగి మూసుకుందా, లోపలి గ్యాస్ దాన్ని పొడుచుకుని బయటికొస్తుంది. పైన సూదిమొన రంధ్రాలు, అదే పిన్‌హోల్స్. అందుకని ఆలస్యంగా కరిగే గ్లేజ్‌లు కొత్తగా తయారుచేయాల్సి వచ్చింది. ఇంకోటి బ్లాక్ కోర్. ఎర్రమట్టిని తొందరపెట్టి కాలిస్తే లోపలి కార్బన్ మండటానికి టైమ్ చాలదు. టైల్ విరిచి చూస్తే అడ్డంగా నల్లటి చార. నేను పనిచేసిన ఒకచోట నైట్ షిఫ్టులో బట్టీ స్పీడు పెంచేవాళ్లు, పొద్దున్నే నేను టైల్స్ విరిచి వరసగా పెట్టేవాణ్ణి. ఆ నల్ల చార చూసి కూడా మేనేజర్ "పైన బాగానే ఉందిగా" అనేవాడు. పైన బాగానే ఉంటుంది, లోపలే సరిగా కాలలేదు.

ఇప్పుడు మన ఇళ్లలో పడుతున్న ఫ్లోర్ టైల్ ఏదైనా దాదాపు రోలర్ కిల్న్‌లో ఒక్కసారి కాలి వచ్చిందే. గుజరాత్‌లోని మోర్బీ టైల్ ఫ్యాక్టరీల్లో కూడా అదే.

గచ్చు_గీతలు:
బట్టీ గారూ, అద్భుతంగా చెప్పారు. నేను ఇంటీరియర్స్ చేస్తాను, డిజైన్ వైపు కొంచెం కలుపుతా.

అందరూ చతురస్రాలు చేస్తున్న రోజుల్లో, 1960లో మరాజ్జి వాళ్లు జో పొంతి, ఆల్బెర్తో రొస్సెల్లి అనే ఆర్కిటెక్టులతో ఒక టైల్ చేయించారు. నాలుగు అంచులూ వంపు తిరిగి ఉంటాయి, రెండు వైపులు లోపలికి, రెండు బయటికి. నేలంతా పరిస్తే గళ్లు కనిపించవు, అల అల్లుకుపోయినట్టు ఉంటుంది. నేను ఒకసారి అలాంటి ఆకారం టైల్ వేయించాను. మేస్త్రీకి ప్రాణం పోయింది, చివర గోడ దగ్గర కటింగ్ అంతా చేతిపనే.

తర్వాత పాకో రబాన్ లాంటి ఫ్యాషన్ డిజైనర్లతో కూడా టైల్స్ వేయించారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఫొటోల సంగతి. లుయీజీ గిర్రి అనే ఫొటోగ్రాఫర్, ఈ ప్రాంతం మనిషే. 1975 నుంచి పదేళ్లపాటు కంపెనీ టైల్స్‌తో ఫొటోలు తీశాడు. వట్టి టైల్ గళ్లు, మధ్యలో ఒక చిన్న వస్తువు, ఒక నీడ. అమ్మకం ఫొటోల్లా ఉండవు. బోర్డు మీటింగులో ఓటింగ్ పెడితే ఇలాంటివి పాసవుతాయా? సొంత కంపెనీ కాబట్టే ఆ స్వేచ్ఛ ఇవ్వగలిగారు అనిపిస్తుంది.

లక్ష్మీ_కసల్‌గ్రాందే:
మేం సస్సువోలో పక్క ఊళ్లో ఉంటున్నాం, మా ఆయన వేరే టైల్ ఫ్యాక్టరీలో బట్టీ సెక్షన్. రెండో వైపు కూడా రాయాలి కదా, అందుకని వచ్చాను.

మా అపార్ట్‌మెంట్లో ఒక పెద్దావిడ 60లు, 70లలో గ్లేజింగ్ లైన్లో చేసింది. అప్పట్లో గ్లేజ్‌లో సీసం ఎక్కువ. ఆ దుమ్ము పీల్చిన ఆడవాళ్లకి రక్తంలో సీసం చేరి జబ్బులు చేశాయి. బట్టీల పొగలో ఫ్లోరిన్ వల్ల చుట్టుపక్కల చెట్లు మాడేవి, పశువులకీ జబ్బులొచ్చేవి. మిగిలిన బురద, గ్లేజ్ నీళ్లు కాలువల్లోకి వదిలేసేవారు. యూనియన్లు గట్టిగా పట్టుబట్టాయి, స్థానిక ఆరోగ్య అధికారులు వెంటపడ్డారు, 1976లో ఇటలీలో నీటి కాలుష్యం చట్టం వచ్చింది. అప్పుడుగానీ ఫిల్టర్లు, నీళ్లు శుద్ధి చేసి మళ్లీ వాడటం మొదలు కాలేదు. ఏ ఒక్క కంపెనీనో అనట్లేదు, ఈ లోయంతా అదే కథ. ఇప్పుడు గాలి చాలా నయం.

ఇక జీవితం అంటారా, బట్టీ ఆగదు కాబట్టి మూడు షిఫ్టులు. ఆగస్టులో మాత్రం ఊరు ఊరంతా మూసేస్తారు, అందరూ సముద్రం వైపే. అప్పుడు రోడ్డు మీద లారీ కనిపించదు, మనకే వింతగా ఉంటుంది.

గూడూరు_బట్టీ:
గచ్చు గారి మాటకి చిన్న అభ్యంతరం. కుటుంబం వల్లే ఇదంతా జరిగింది అంటే నేను ఒప్పుకోను. ఫిలిప్పో మరాజ్జి అదే అట్ట ఫ్యాక్టరీని ఎక్కడో సిసిలీ మూల పెట్టి ఉంటే? సస్సువోలో చుట్టుపక్కల పది ఊళ్లలో ఇటలీ టైల్స్‌లో దాదాపు 80 శాతం తయారవుతాయి. గ్లేజ్ అమ్మేవాడు పక్కవీధిలో, అచ్చు చేసేవాడు వెనకవీధిలో, ప్రెస్ రిపేరు చేసేవాడు ఫోన్ కొడితే గంటలో. ఇమోలాలో సాక్మి ఉంది. 1919లో మెకానిక్కులు, కమ్మరులు తొమ్మిదిమంది కలిసి పెట్టుకున్న సహకార సంఘం. అది కుటుంబ కంపెనీ కాదే! ఒకప్పుడు నారింజపళ్లు ప్యాక్ చేసే మెషిన్లు కూడా చేశారు, ఇప్పుడు ప్రపంచంలో టైల్ ప్రెస్ అంటే వాళ్ల పేరే ముందు. నేను పనిచేసిన ప్రతిచోటా సాక్మి ప్రెస్సు చూశా. 1994లో ఫియొరానోలోని సిస్టమ్ అనే కంపెనీ రోటోకలర్ తెచ్చింది, సిలికాన్ రోలర్‌తో టైల్ మీద డిజైన్ అచ్చేసే మెషిన్. దాంతో రాయి, మార్బుల్ పోలికలు తేలికయ్యాయి. పక్కింటివాడు ఒకటి కనిపెడితే ఆరునెలల్లో వీధంతా అదే చేస్తుంది. మరాజ్జి ఆ వీధిలో పెద్దిల్లు, అంతే.

మోదెనా_కుర్రాడు:
అన్నా, వీధి గొప్పదే. కానీ మొదట రిస్కు తీసుకునేవాడు ఒకడు ఉండాలిగా? టన్నెల్ కిల్న్‌లు బాగానే నడుస్తుంటే వాటిని పీకేసి రోలర్ పెట్టడానికి డబ్బు పెట్టింది వాళ్లు. 1980లలో అమెరికాలో, టెక్సస్‌లో ఫ్యాక్టరీ పెట్టారు, స్పెయిన్ వెళ్లారు, తర్వాత రష్యాలో కెరామా కంపెనీని కొన్నారు. పాత అట్ట ఫ్యాక్టరీ చోటునే డిజైన్ ప్రయోగశాలగా మార్చి 'క్రొజోలో' అని పేరు పెట్టారు. ఇవన్నీ వీధి నిర్ణయాలా?

అసలు దెబ్బ డబ్బు దగ్గర పడింది. మనవడు ఫిలిప్పో హయాంలో 2006లో మిలాన్ స్టాక్ మార్కెట్‌కి వెళ్లారు. రెండేళ్లకే, 2008లో, ప్రైవేట్ ఈక్విటీ వాళ్లతో (కంపెనీల్ని కొనే పెట్టుబడి సంస్థలతో) కలిసి మార్కెట్ నుంచి తీసేశారు. అప్పటికే అమెరికాలో ఇళ్ల మార్కెట్ కుప్పకూలుతోంది. టైల్ అమ్మాలంటే ఇల్లు కట్టాలి కదా. చివరికి 2012 డిసెంబర్‌లో అమెరికా మోహాక్‌తో ఒప్పందం, 2013లో చేతులు మారింది. ధర సుమారు 117 కోట్ల యూరోలు. మోహాక్ అసలు కార్పెట్ల కంపెనీ. అప్పటికే అక్కడ డాల్‌టైల్ అనే టైల్స్ కంపెనీ వాళ్లదే.

గచ్చు_గీతలు:
తమాషా ఏంటంటే, అదే 2013లో ఇటలీలో ఇంకో పాత కుటుంబం పేరు కూడా అమ్ముడైంది. ఫ్లారెన్స్ దగ్గర దొచ్చాలో 1735లో కార్లో జినోరి పెట్టిన పింగాణీ కార్ఖానా. జినోరి కుటుంబం 1896 దాకా నడిపి, మిలాన్‌కి చెందిన రిచర్డ్ కంపెనీతో కలిపింది, అందుకే రిచర్డ్ జినోరి. పైన చెప్పిన జో పొంతి 1920లలో వీళ్లకే ఆర్ట్ డైరెక్టరు. 2013 జనవరిలో దివాలా తీసింది, ఫ్యాషన్ కంపెనీ గుచ్చి వాళ్లు 1.3 కోట్ల యూరోలకి కొన్నారు. మ్యూజియం మూతపడితే 2017లో ప్రభుత్వమే కొనేసింది. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. మ్యూజియంలో పెట్టుకునే పింగాణీకి 1.3 కోట్లు, బాత్‌రూమ్ గోడకి 117 కోట్లు.

లక్ష్మీ_కసల్‌గ్రాందే:
అన్ని కుటుంబాలూ అమ్ముకోలేదండోయ్. 1961లో రొమానో మినొజ్జి పెట్టిన ఐరిస్, 1962లో లుక్కేసే కుటుంబం పెట్టిన ఫ్లోరిమ్, ఈ రెండు టైల్ కంపెనీలూ ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. కాకపోతే 2022లో అందరికీ ఒకేసారి టెన్షన్. తెల్లమట్టిలో చాలా భాగం ఉక్రెయిన్ దొనెట్స్క్ వైపు నుంచి ఓడల్లో వచ్చేది, యుద్ధంతో ఆగిపోయింది. గ్యాస్ ధర ఆకాశానికి ఎక్కింది. ఆ మార్చిలో చాలాచోట్ల బట్టీలు ఆపేశారు. ఎప్పుడూ వెలిగే బట్టీ ఆరితే ఇంట్లో మాట్లాడుకోవడానికి కూడా ఏమీ ఉండదు, మా ఆయన రోజూ ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు. జీతంలో కొంత ప్రభుత్వం ఇచ్చింది కాబట్టి గడిచింది.

పాలకొల్లు_ప్రయాణికుడు:
ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. ఒక ప్రాక్టికల్ ప్రశ్న. మేం ఇల్లు కడుతున్నాం. షాపులో మరాజ్జి అని రాసి ఉంటే ఇటలీలో చేసిందే అనుకోవచ్చా?

బెజవాడ_షోరూమ్:
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా, దీనికి నేను చెప్తా. అనుకోకూడదండి. పైన కుర్రాడు చెప్పాడుగా, స్పెయిన్‌లో ఉంది, రష్యాలో ఉంది, అమెరికాలో ఉంది. పేరు ఒకటే, ఫ్యాక్టరీలు వేరు. అలాగని అవి నాసిరకం అని కాదు. ఇక "ఇటాలియన్ డిజైన్", "ఇటాలియన్ ఫినిష్" అన్న మాటలకి అర్థం ఏమీ లేదు, అది అమ్మేవాడి నోటి తీపి. నేను సెప్టెంబర్‌లో బొలోన్యాలో జరిగే చెర్సాయే టైల్స్ ఎగ్జిబిషన్‌కి వెళ్తుంటా. అక్కడ కొత్తగా పెట్టిన డిజైన్ మన మార్కెట్లోకి రావడానికి ఎక్కువ కాలం పట్టదు, ఎలా వస్తుందో మీకే తెలుసు.

మీరు చేయాల్సింది, అట్టపెట్టె పక్క చూడండి. ఏ దేశంలో తయారైందో రాసి ఉంటుంది. ఫ్లోర్‌కైతే బీ1ఏ (BIa) గ్రూపు ఉందో లేదో చూడండి. అంటే నీళ్లు పీల్చడం అర శాతం మించదు. తర్వాత షేడ్ (రంగు) నంబర్, కాలిబర్ (అసలు కొలత) నంబర్. అన్ని పెట్టెల మీదా ఈ రెండూ ఒకటే ఉండాలి. లేకపోతే హాల్లో ఒక మూల ఒక రంగు, ఇంకో మూల ఇంకో రంగు కనిపిస్తుంది, జాయింట్లు కూడా కలవవు. పది శాతం ఎక్కువే తీసుకోండి, రేపు ఒకటి పగిలితే అదే షేడ్ మళ్లీ దొరకదు.

గూడూరు_బట్టీ:
ఇంకోటి, షాపులో పగిలిన ముక్క ఉంటే అడిగి అంచు చూడండి. నల్ల చార ఉంటే ఇంకో షాపుకి వెళ్లండి.