పాసై వెళ్ళిన ఐటీఐ పిల్లల మీద సర్వే: ఎవరిని అడగాలి, ఏం అడగాలి?

అడిగినవారు: ఎలక్ట్రీషియన్ మేడమ్, అనకాపల్లి జిల్లా

నమస్కారం అండీ. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. పాసై వెళ్ళిన పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారో, చుట్టుపక్కల కంపెనీలకు ఎలాంటి పని తెలిసినవాళ్ళు కావాలో రిపోర్ట్ రాసివ్వమని మా ప్రిన్సిపాల్ గారు ప్రతి ట్రేడ్‌నీ అడిగారు. ఫారం కూడా ఇచ్చారు. అందులో పేరు, పాసైన సంవత్సరం, ఉద్యోగం ఉందా లేదా, జీతం ఎంత అని నాలుగే గడులు. ఫోన్లు చేసి ఒక పూటలో నింపేయొచ్చు. నాకు మాత్రం అలా నింపి ఇవ్వడానికి మనసు ఒప్పడం లేదు.

ఎందుకో చెప్తాను. నా దగ్గర చదివిన ఒకబ్బాయి పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద చేరాడు. వైండింగ్, అంటే మోటార్‌లో రాగి తీగ చుట్టడం, అద్భుతంగా చేసేవాడు. మోటార్‌కి స్టార్-డెల్టా కనెక్షన్ ఇవ్వమంటే డ్రాయింగ్ వైపు చూసేవాడే కాదు. చేరిన కొత్తలో ఫోన్ చేశాడు. "మేడమ్, ఇక్కడ మోటార్ ఆగితే ముందు డ్రైవ్ (మోటార్ వేగాన్ని అదుపు చేసే పరికరం) మీద ఏ ఫాల్ట్ చూపిస్తోందో చెప్పమంటారు. కాలిన మోటార్‌ని బయట షాపుకి పంపేస్తారు" అన్నాడు. అదే బ్యాచ్‌లో ఒకమ్మాయి చోడవరంలో వాళ్ళ నాన్నగారి మోటార్ల షాపులో కూర్చుంది. వేసవి వస్తే ఆ షాపు ముందు బోరు మోటార్లు వరుస కడతాయి. వైండింగే ఆ ఇంటికి అన్నం పెడుతోంది.

ఫారంలో ఇద్దరికీ "ఉద్యోగం ఉంది" అనే పడుతుంది. నేను నేర్పినదాంట్లో ఎవరికి ఏది పనికొచ్చిందో, ఏది లేక ఎవరు ఇబ్బంది పడ్డారో ఆ ఒక్క మాటలో కొట్టుకుపోతుంది. నాకు తెలియాల్సింది అదే కదా.

నా సందేహాలు ఇవి. ఎవరిని అడగాలి: పిల్లల్నా, హెచ్ఆర్ వాళ్ళనా, సూపర్‌వైజర్లనా? ఏం అడిగితే సరైన సమాధానం వస్తుంది? ఇంత చేసి రాసినా సిలబస్ దేశమంతటికీ ఒకటే, పైనుంచే వస్తుంది. అలాంటప్పుడు మా జిల్లా రిపోర్ట్ ఎవరికైనా ఉపయోగపడుతుందా? ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు: రిటైర్డ్ ట్రైనింగ్ ఆఫీసర్, హైదరాబాద్

అమ్మా, మీ రెండు ఉదాహరణలూ ఆ ఫారం కంటే విలువైనవి. వాటిని రిపోర్ట్ మొదటి పేజీలోనే పెట్టండి.

ముందు ఎవరిని అడగాలన్నది చూద్దాం. పనిని విడమరిచి చెప్పగలిగేది ఆ పని రోజూ చేసేవాడే. కెనడాలో 1960ల చివర మొదలైన డాకమ్ అనే పద్ధతికి ఆధారం ఇదే. ఒక వృత్తిలో చెయ్యి తిరిగిన పనివాళ్ళను పదిమంది లోపు ఒక గదిలో కూర్చోబెట్టి, రెండు రోజుల పాటు వాళ్ళ పనిని ముక్కలు ముక్కలుగా చెప్పించి గోడ మీద కార్డులు అంటిస్తారు. ఏ పని తరచుగా వస్తుంది, ఏది తప్పితే ప్రమాదం, కొత్తవాడికి ఏది కష్టం అన్నది వాళ్ళే తేలుస్తారు. ఆ తర్వాతే కోర్సు రాస్తారు. మీకు రెండు రోజులు దొరక్కపోవచ్చు. ఒక ఆదివారం మీ పాత విద్యార్థుల్లో అయిదారుగురిని పిలిచినా చాలు.

ప్రశ్న మాత్రం జాగ్రత్తగా వేయాలి. "ఐటీఐలో నేర్చుకున్నది ఉపయోగపడిందా?" అంటే మన పిల్లలు గురువు మీద గౌరవంతో అవుననే అంటారు. "పోయిన వారం ఏమేం రిపేరు చేశావు? ఏ పనికి ఇంకొకరిని పిలవాల్సి వచ్చింది?" అని అడగండి. అసలు సంగతి అక్కడ బయటపడుతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. మంచి ఉద్యోగం వచ్చినవాడు మొదటి రింగ్‌కే ఫోన్ ఎత్తుతాడు. ఖాళీగా ఉన్నవాడు మేడమ్ నంబర్ చూసి ఎత్తడు. ఎత్తినవాళ్ళతోనే శాతం లెక్క కడితే మన ఐటీఐ చాలా గొప్పగా కనిపిస్తుంది, అది నిజం కాదు. అందుకని దొరకని పేర్లను వదలకుండా విడిగా రాయండి. ఊళ్ళో స్నేహితుల ద్వారా, వాళ్ళ అమ్మానాన్నల ద్వారా కనుక్కోండి. ట్రేడ్ వదిలేసి డెలివరీ పనికో షాపులో సేల్స్‌కో వెళ్ళినవాళ్ళతో తప్పకుండా మాట్లాడండి. వాళ్ళు ఎందుకు వదిలేశారో తెలియకపోతే ఈ సర్వే సగమే అయినట్టు.

ఇక పైవాళ్ళు వింటారా అన్నది. 2003లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐటీఐల పనితీరు మీద ఒక నివేదిక తెచ్చింది. అందులో చూసిన మూడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగతావి మహారాష్ట్ర, ఒరిస్సా. ఆ తర్వాత నాలుగేళ్ళకే ప్రపంచ బ్యాంకు సాయంతో ఐటీఐల ఆధునికీకరణ ప్రాజెక్టు మొదలైంది. పరిశ్రమల ప్రతినిధి అధ్యక్షుడిగా యాజమాన్య కమిటీలు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. అంతా ఆ ఒక్క నివేదిక వల్లే జరిగిందని అనను. లోపాలు కాగితం మీదకి ఎక్కితేనే ఎవరైనా వాటి గురించి మాట్లాడతారు.

సిలబస్ సంగతికొస్తే, కోల్‌కతాలో సీస్టారీ ఉంది. 1968లో పెట్టిన శిక్షణ, పరిశోధన సంస్థ అది. ఐటీఐ సిలబస్‌లు తయారయ్యేది అక్కడే. మీ ట్రేడ్ సిలబస్ పుస్తకం చివరి పేజీలు తిప్పి చూడండి. ఆ సిలబస్ ఖరారు చేసిన నిపుణుల పేర్లు, హోదాలు అచ్చు వేసి ఉంటాయి. అందులో కంపెనీలవాళ్ళతో పాటు మనలాంటి ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఉంటారు. మీ రిపోర్ట్ కాపీ ఒకటి అక్కడికి పంపండి, ఇంకొకటి మీ ఉపాధి శిక్షణ శాఖకు ఇవ్వండి.

సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు కూడా. ఏడాదికి 150 గంటలు పరిశ్రమలో ఓజేటీ (పని చేస్తూ నేర్చుకునే శిక్షణ), అది కుదరకపోతే గ్రూప్ ప్రాజెక్టు తప్పనిసరి కదా. ఎవరిని ఎక్కడికి పంపాలి, ఏ ప్రాజెక్టు ఇవ్వాలి అన్నది మీ చేతిలోనే ఉంది. డ్రైవ్ ఫాల్ట్‌లు వెతకడం అక్కడ పెట్టండి.

జవాబు: జర్మనీలో అప్రెంటిస్, స్టుట్‌గార్ట్ దగ్గర

మేడమ్, నేను ఇక్కడ పారిశ్రామిక ఎలక్ట్రీషియన్‌గా ఆస్‌బిల్డుంగ్ చేస్తున్నాను. మూడున్నరేళ్ళ శిక్షణ. కొన్ని రోజులు కంపెనీలో, కొన్ని రోజులు స్కూల్లో.

ఇక్కడ ప్రతి అప్రెంటిస్ ఒక రికార్డు పుస్తకం రాయాలి. ఏం పని చేశాను, ఏం నేర్చుకున్నాను అన్నది రాస్తే ట్రైనర్ చూసి సంతకం పెడతారు. అది పూర్తి చేయకపోతే ఫైనల్ పరీక్షకి కూర్చోనివ్వరు. మీ పిల్లలు ఓజేటీకి వెళ్ళినప్పుడు ఇలాగే రోజుకి రెండు లైన్లు రాయిస్తే మీ సర్వేకి కావాల్సిన సమాచారం దానంతట అదే పోగవుతుంది.

ఇక్కడ వృత్తి శిక్షణ పరిశోధన కోసమే బాన్‌లో బీఐబీబీ అనే సంస్థ ఉంది. 1969లో వృత్తి శిక్షణ చట్టం వచ్చింది, మరుసటి ఏడాది సంస్థ పెట్టారు. ఒక వృత్తి నిబంధనలు మార్చాలంటే వీళ్ళ పరిశోధకులతో పాటు యాజమాన్యాల తరఫు వాళ్ళు, కార్మిక సంఘాల తరఫు వాళ్ళు కలిసి కూర్చుంటారు. 2018లో మెటల్, ఎలక్ట్రికల్ వృత్తుల్లో డిజిటల్ పని, డేటా భద్రత చేర్చారు. మా బ్యాచ్ అవన్నీ చదువుతోంది. పనిచేసేవాళ్ళ సంఘానికి కూడా అక్కడ కుర్చీ ఉండడం నాకు బాగా నచ్చింది.

జవాబు: మెయింటెనెన్స్ ఇన్‌చార్జ్, అచ్యుతాపురం

మేడమ్ గారూ, దయచేసి హెచ్ఆర్ దగ్గర ఆగిపోకండి. వాళ్ళు మీకు "కమ్యూనికేషన్ స్కిల్స్, క్రమశిక్షణ" అని చెప్తారు. నన్ను అడిగితే కంట్రోల్ డ్రాయింగ్ చదవడం రావాలంటాను. సప్లై ఆపి, తాళం వేసి, టెస్టర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టే అలవాటు ఉండాలి. మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటర్) రీడింగ్ తీసి ఊరుకోకుండా దాన్నిబట్టి మోటార్ వాడొచ్చా లేదా అన్నది చెప్పగలగాలి. నైట్ షిఫ్ట్‌లో పంపు ట్రిప్ అయితే కుర్రాడు టెన్షన్ పడి మళ్ళీ మళ్ళీ రీసెట్ కొడుతుంటాడు. ఎందుకు ట్రిప్ అయిందో వెతకడం ఎవరూ నేర్పలేదు వాడికి. షిఫ్ట్ మారే టైంలో రండి, మా ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లతో అరగంట మాట్లాడిస్తాను.

అడిగినవారు: ఎలక్ట్రీషియన్ మేడమ్

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను, ఫారం వెనక పేజీ వాడుకోమన్నారు. "పోయిన వారం చేసిన పనులు", "ఎవరినైనా పిలవాల్సి వచ్చిన పని" అని రెండు గడులు గీస్తున్నాను. దొరకని పిల్లల జాబితా విడిగా పెడుతున్నాను. రికార్డు పుస్తకం ఈ ఏడాది ఓజేటీ నుంచే మొదలుపెడతాం.

సర్, ఒక్క సందేహం ఉండిపోయింది. పెళ్ళయి ఇంట్లో ఉన్న అమ్మాయిల్ని ఏ గడిలో వేయాలి? "ఉద్యోగం లేదు" అని రాసేస్తే ఈ ట్రేడ్ అమ్మాయిలకి పనికిరాదని పైవాళ్ళు అనుకుంటారేమోనని భయంగా ఉంది.

జవాబు: రిటైర్డ్ ట్రైనింగ్ ఆఫీసర్

విడిగా గడి పెట్టండమ్మా. పక్కనే వాళ్ళు చెప్పిన కారణం వాళ్ళ మాటల్లోనే రాయండి: నైట్ షిఫ్ట్ వద్దన్నారా, బస్సు లేదా, అడిగినచోట అమ్మాయిల్ని తీసుకోం అన్నారా. ఆ కారణాలు మీకిచ్చిన ఫారంలో అడగలేదు.